బండ కోసం వెళ్లిన సభ

మా అక్క చనిపోయిన ఏడాది, అంటే 2012లో, చిక్కడపల్లిలోని మా వీధుల సమస్యలు వినడానికి ఏరియా సభ పెడుతున్నామని మున్సిపల్ కార్పొరేషన్ వాళ్లు ఇంటింటికీ చీటీలు పంచారు. బందుల వల్ల రెండుసార్లు వాయిదా పడి, చివరికి ఒక ఆదివారం ఉదయం ఫంక్షన్ హాల్లో జరిగింది. అలాంటి చోట్లకు వెళ్లే అలవాటు నాకు లేదు. ఒక్క బండ కోసం వెళ్లాను.

మా సందు మొదట్లో మురుగుకాల్వ మీద బండ లేదు. పూడిక తీయడానికి ఎత్తినవాళ్లు మళ్లీ వేయలేదు. నారాయణగూడ మార్కెట్ నుంచి కూరగాయలు తెస్తూ, రోడ్డూ కాల్వా ఒకటై నీళ్లు నిలిచిన రోజున అక్క అందులో పడింది. తుంటి ఎముక విరిగింది. మంచం దిగకుండానే న్యుమోనియా వచ్చి పద్దెనిమిదో రోజున పోయింది. ఇద్దరమే ముప్ఫై ఏళ్లు ఒకే పోర్షన్‌లో కిరాయికున్నాం. ఆ కాల్వ మాత్రం అలాగే ఉంది. జనానికి తెలియాలని ఎవరో ఒక వేపకొమ్మ గుచ్చి వెళ్లారు.

అప్పట్లో నేను అశోక్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌కు విద్యార్థుల వ్యాసాలు దిద్దిపెట్టేదాన్ని. సభకు ఒక పేజీ అర్జీ రాసుకున్నాను. నాలుగుసార్లు తిరగరాసి, ఏడుపు వినిపించే వాక్యాలన్నీ తీసేశాను. అక్క ఎలా పోయింది, కాల్వ ఎక్కడుంది, బండ ఎంత పొడవుండాలి, ఏ రోజుకల్లా వేస్తారు, ఇంతే మిగిలింది.

నా పక్కన ఒకావిడ కూర్చుంది. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి, మా సందు చివర కడుతున్న అపార్ట్‌మెంట్‌లో ఇటుకలు మోసేది. ఆ రోజు అక్కను కాల్వలోంచి పైకి లాగింది ఆమే. సాక్ష్యం చెప్పమని నేనే అడిగితే ఆ పూట పని మానుకుని వచ్చింది.

నా వంతు వచ్చింది. రెండు వాక్యాలు చదివానో లేదో, అధ్యక్షస్థానంలో ఉన్న పెద్దమనిషి చెయ్యెత్తి ఆపాడు. గొంతు తగ్గించి, ఇంత ఘోరం జరిగిందని తమకు తెలియదని, ముందు ఆ తల్లి ఆత్మశాంతికి రెండు నిమిషాలు మౌనం పాటిద్దామని అన్నాడు. అందరూ లేచారు. అర నిమిషం గడవకముందే ఎవరిదో ఫోన్ మోగింది. అధ్యక్షుడు “ఓం శాంతి” అన్నాడు. అందరూ కూర్చున్నారు. తర్వాతి మనిషి దోమల మందు సంగతి ఎత్తుకున్నాడు. నా కాగితం నా చేతిలోనే ఉంది.

పక్కనున్న ఆవిడ లేచింది. “నిలబడ్డం గద సారూ. మరి బండ ఎప్పుడేస్తరు?”

“మౌనం అయినంక గిట్లడుగుతరామ్మా? జర మర్యాద ఉండాలె,” అన్నారు వెనక నుంచి. ఒకరిద్దరు నవ్వారు.

ఆమె నా వైపు చూసింది. నేను అవునంటే చాలు. నేను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. పైగా వేదిక వైపు తిరిగి నమస్కారం పెట్టాను. అక్క కోసం లేచి నిలబడినవాళ్లతో ఎలా పోట్లాడతాం అనుకున్నానేమో. ఇన్నేళ్లలో వాళ్ల మీద కోపం కొంత తగ్గింది గానీ ఆ నమస్కారం మాత్రం నాకింకా మింగుడు పడదు.

పది రోజులకు తీర్మానం నకలు వచ్చింది. అక్క మరణం ఈ ప్రాంతానికి తీరని లోటని సభ ఏకగ్రీవంగా ప్రకటించింది. నేను రోజూ పిల్లల వ్యాసాల్లో ఎర్ర సిరాతో కొట్టేసే మాట. బండ ప్రస్తావన లేదు. ఆఫీసుకు వెళ్లి అడిగితే, మీ విషయం సభలో అయిపోయింది కదా మేడమ్, తీర్మానం కూడా పంపాం కదా అన్నాడు గుమస్తా.

ఆ సాయంత్రం దారిలో ఆవిడ ఎదురైతే చెప్పాను. మర్నాడు మేస్త్రీని అడిగి, సైటు దగ్గర పగిలిపోయి పడున్న ఒక బండ ముక్కను తోపుడు బండి మీద తెచ్చింది. నేను గేటు దగ్గరే నిలబడి చూస్తున్నాను.

“సప్పుడు చెయ్యకుండ నిలబడుడు నీకు మంచిగనే వస్తదమ్మా. ఇగ జర ఆ కొస పట్టు,” అంది.

పట్టాను. కొమ్మ పీకేసి ఇద్దరం దించాం. బండ జానెడు తక్కువైంది. ఆ ఖాళీలో రెండు ఇటుకలు ఇరికించి, దాటేటప్పుడు ఎడమ పక్కన కాలు పెట్టొద్దని చెప్పి ఆవిడ పనికి వెళ్లిపోయింది.