జ్వరం తగ్గిన రోజు

మా మామిడి తోటల్లో దోమ ఒకటి మా బావ భుజం మీది తువ్వాలు ఎత్తుకుపోయి, హనుమాన్ జంక్షన్‌లో లారీ ఎక్కిందని ముసునూరులో చెబితే ఇద్దరు నమ్మారు. బావ మాత్రం నమ్మలేదు. నా చెల్లెలి మొగుడాయన. నేను చెప్పేవాటిలో దేన్నీ నమ్మేవాడు కాదు.

కిందటేడు వానలు తగ్గాక, పూతకు ముందు పురుగుమందు కొట్టించాలని బావ తోటలో డ్రమ్ములన్నీ నీళ్లతో నింపిపెట్టాడు. మోటారుకు కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు కనుక మా వైపు అందరం ముందే నింపుకుంటాం. ఆశా కార్యకర్త వచ్చి నీళ్లలో కదిలే దోమపిల్లల్ని చూపించి, పారబోయమంది. బావ డ్రమ్ము వంచబోయాడు. నేనే అడ్డుపడ్డాను. మందు డ్రమ్ములో పుట్టిన దోమకు మనిషి రక్తం రుచించదని, తాగితే పురుగుమందే తాగుతుందని చెప్పాను. ఆమె కూడా నవ్వింది. బావ నవ్వుతూ డ్రమ్ము వదిలేశాడు.

మందు కొట్టేవాళ్లు ఇదిగో అదిగో అంటూనే ఉన్నారు. మూడు వారాలకు బావకు జ్వరమొచ్చింది. కళ్ల వెనక నొప్పి, ఒళ్లంతా విరిచేసినట్టు. రక్తపరీక్షలో డెంగీ అని తేలింది. కుట్టిన దోమ మా డ్రమ్ములోదో పక్క తోటదో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. జ్వరం తగ్గాకే అసలు జాగ్రత్తగా ఉండాలనీ, రోజూ రక్తం చూపించుకోమనీ డాక్టరు మరీమరీ చెప్పాడు.

ఐదో రోజు ఒళ్లు చల్లబడింది. ఆ పొద్దునే మందు కొట్టేవాళ్లు దిగారు. కడుపులో నొప్పిగా ఉంది, విస్సన్నపేట వెళ్లి రక్తం చూపించుకు రానా అని బావ నన్నే అడిగాడు.

"జ్వరం పోయిందిగా బావా, ఇంకేం చూస్తారు? తోటకు పద," అన్నాను.

ఇది కథ కాదు. నిజంగానే అలా అనుకున్నాను. ఆ ఒక్క మాటా ఆయన నమ్మాడు.

మధ్యాహ్నానికి చెట్టు కింద వాంతులతో కూలబడ్డాడు. కారులో విజయవాడ తీసుకెళ్లాం. దారిలో నా చెయ్యి పట్టుకుని ఒక్కటే అన్నాడు, "చూపించుకోవాల్సింది బావా." మర్నాటికి లేడు.

పెద్దకర్మ రోజు చెల్లెలు నన్ను పక్కకు పిలిచి, కార్లో ఏమన్నాడని అడిగింది. నీ పేరే తలుచుకున్నాడని చెప్పాను. నా మొహంలోకి చూసింది.

"నాక్కూడా కథలేనా అన్నయ్యా," అంది.

నిజం చెప్పమని మాత్రం అడగలేదు. అడిగినా చెప్పేవాణ్ణి కాదు.