ల్యాబ్ కాక చెప్పిన సాక్ష్యం

"బిడ్డా, మీ కాక పోయిండు. పొద్దుగాల చాయ్ తాగి కుర్సీల కూసున్నడు. పిలిస్తే పలుకలే."

బోధన్ నుంచి కాక భార్య చిన్నమ్మ ఫోన్ చేసినప్పుడు నేను నిజామాబాద్‌లో మా బడి కంప్యూటర్ గదిలో ఉన్నాను. ఏడో తరగతి పిల్లల ముందు నిలబడే ఆ మాట విన్నాను. నాకు ముందు ఏడుపు రాలేదు. ఊపిరి తేలికైంది. ఇక ఆయన నన్ను ఏమీ అడగడు అనిపించింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. ఆయన గురించి పత్రికకు నాలుగు మంచి మాటలు రాయాలని కూర్చున్నాను గానీ, ఈ మాట దాచిపెట్టి మిగతావి ఎన్ని రాసినా అబద్ధమే అవుతుంది. అందుకే ముందే చెప్పేస్తున్నాను.

కాక అంటున్నాను గానీ, ఆయన నాకు సొంత బాబాయి కాడు. బోధన్‌లో మా పుట్టింటి పక్కిల్లు వాళ్ళది, మాదీ వాళ్ళదీ ఒకే చర్చి. చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేశాడు కాబట్టి ఊరందరికీ ల్యాబ్ సార్, నాకు ల్యాబ్ కాక. చెరుకు పక్వానికి వచ్చిందో లేదో తోటకు వెళ్ళి పరీక్షించడం ఆయన పనుల్లో ఒకటి. ఆయన సరేనంటేనే రైతుకు కోతకు అనుమతి దొరికేది. సెలవుల్లో ఒకట్రెండు సార్లు నన్ను స్కూటర్ మీద ఎక్కించుకుని తీసుకెళ్ళాడు. రైతు గట్టు మీద బొద్దు బొద్దు గడలు నాలుగు నరికి సిద్ధంగా పెట్టుకుని ఉండేవాడు. కాక వాటిని ముట్టేవాడు కాదు. చొక్కా చేతులు మణికట్టు దాకా దింపుకుని తోటలోకి దూరేవాడు.

"సారూ, గింత ఎండల లోపటికెందుకు? ఇక్కడియి సూడరాదు?" అని రైతు బతిమాలేవాడు.

"గట్టు మీది చెరుకు ఎప్పుడూ మంచిగనే ఉంటది పటేలా. దానికి ఎండ, గాలి దండిగ దొరుకుతయి. నడిమిట్ల ఏమున్నదో సూస్తే గద తెలిసేది" అని లోపలి నుంచే కేక వేసేవాడు. ఆకులు కోసిన చేతులతో బయటికి వచ్చి, జేబులోంచి రసంలో తీపి కొలిచే చిన్న దుర్భిణి లాంటి పరికరం తీసి, దాని అద్దం మీద రెండు చుక్కల రసం వేసి వెలుతురుకు పెట్టి చూసేవాడు. నన్నూ చూడమనేవాడు. నాకు అందులో ఒక నీలం గీత తప్ప ఏమీ అర్థమయ్యేది కాదు. అయినా చూసినట్టు తల ఊపేదాన్ని.

ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆయనకు పరీక్షించడానికి చెరుకు లేకుండా పోయింది. కొన్నేళ్ళు ఏం చేయాలో తోచక తిరిగాడు. తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి, ఫోన్లలోకి బ్యాంకుల పేరు పెట్టుకున్న దొంగ మెయిళ్ళూ వచ్చాయి. కాకకు మళ్ళీ పని దొరికింది. ఆదివారం ఆరాధన అయిపోగానే చర్చి అరుగు మీద కూర్చునేవాడు. ఒక్కొక్కరే వచ్చి ఫోన్ చూపించేవాళ్ళు. అడగకుండా ఎవరి ఫోనూ ముట్టేవాడు కాదు. చూసి తిరిగి ఇచ్చేముందు రుమాలుతో అద్దం తుడిచి ఇచ్చేవాడు. రుమాళ్ళు ఎప్పుడూ రెండు ఉండేవి, ఒకటి చెమటకు, ఒకటి ఫోన్లకు.

"ఈ బ్యాంకు గుర్తు, ఈ రంగు, గివన్నీ గట్టు మీది చెరుకు" అనేవాడు. "లోపటికి పోవాలె. పంపినోని పేరు కాదు, పేరు కింద అడ్రస్ సూడు. ఈడ నొక్కుమంటున్నడు గద, నొక్కకు. వేలు పెట్టి జరసేపు పట్టుకో. అది నిన్ను యాడికి కొంచవోతదో రాసి వస్తది. గది మన బ్యాంకు పేరా? కాదు. అయిపాయె."

ఇంకో మాట కూడా తరచూ అనేవాడు. "ఇరవై నాలుగు గంటలల్ల ఖాతా బంద్ అయితదని భయపెట్టిండంటే రాసినోడు బ్యాంకోడు కాదు. తొందరపెట్టేటోని మాట ఆగి ఇనాలె."

అక్కడితో ఆపితే ఆయన ల్యాబ్ కాక ఎందుకవుతాడు? ఆ మెయిల్‌ను బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి పంపించేవాడు. ఏ రోజు, ఎవరికి, ఏ అడ్రస్ నుంచి వచ్చిందో నోటుబుక్కులో రాసుకునేవాడు. నేను ఎగతాళి చేసేదాన్ని. "కాకా, చెత్తను చీపురుతో ఊడ్చినట్టు డిలీట్ కొడితే పోయేదానికి నీకీ రాతకోతలెందుకు?" అనేదాన్ని.

"డిలీట్ కొడితే నీ ఒక్కదాని ఫోన్లకెల్లి పోతది బిడ్డా. పక్కింటోని ఫోన్ల ఉంటది. చెప్తేనే పోతది" అన్నాడు ఒకసారి. ఎంత చాదస్తమో అనుకున్నాను.

ఇక నా సంగతి చెప్పాలి. నేను కంప్యూటర్ టీచర్‌ని. దొంగ మెయిళ్ళను ఎలా గుర్తుపట్టాలో పిల్లలకు చెప్పే పాఠం ఒకటి నేనే తయారుచేసుకున్నాను. జీతం పడిన రోజు మధ్యాహ్నం, అన్నం తింటూ తింటూ బ్యాంకు పేరుతో వచ్చిన మెయిల్ తెరిచాను. వివరాలు అసంపూర్తిగా ఉన్నాయి, రేపటికల్లా ఖాతా నిలిపేస్తాం అని ఉంది. నొక్కాను. అచ్చం బ్యాంకు పేజీ లాంటిదే తెరుచుకుంది. పాస్‌వర్డ్ కొట్టాను. ఫోన్‌కు వచ్చిన ఓటీపీ కూడా కొట్టాను. చేయి కడుక్కుని వచ్చేసరికి ఖాతా ఖాళీ. తల కొట్టేసినట్టయింది. అప్పటికప్పుడు సైబర్ ఫిర్యాదు నంబరుకు ఫోన్ చేయాలని నాకు తెలుసు. ఎంత తొందరగా చెబితే అంత మంచిదని పిల్లలతో రాయించింది నేనే. చేయలేదు. పాస్‌వర్డ్ మార్చుకుని, ఆ మెయిల్ డిలీట్ చేశాను. ఇంట్లో జీతం ఆలస్యమైందని అబద్ధం చెప్పి, తోటి టీచరు దగ్గర చేబదులు తీసుకున్నాను. డబ్బు పోయినందుకు కాదు, కంప్యూటర్ టీచరే మోసపోయిందట అన్న మాట వినాల్సి వస్తుందని భయపడ్డాను. నాకు ఆ రోజు అంతకన్నా పెద్ద ఆపద ఏదీ కనిపించలేదు.

కాక పోయిన తర్వాత వెళ్ళి ఫిర్యాదు ఇచ్చాను. "గిన్ని రోజులేం జేసిన్రు మేడం?" అని అడిగాడు రాసుకుంటున్న కానిస్టేబుల్. ఇంత ఆలస్యమైతే డబ్బు పోయిన దారి దొరకడం కష్టమన్నాడు. ఆ సంగతి నాకు తెలియదా?

నేను డిలీట్ చేసిన నెలలోపే అదే మెయిల్ కాకకు వచ్చింది. ఆ రోజు చిన్నమ్మకు కంటి ఆపరేషన్. ఆమె లోపల ఉంది, కాక ఆస్పత్రి వరండాలో ఉన్నాడు. ఆపరేషన్ డబ్బులు ఖాతాలోంచే కట్టాలి. ఖాతా నిలిపేస్తామని మెయిల్. అందరికీ ఆగమని చెప్పిన మనిషి ఆగలేదు. కళ్ళద్దాలు కూడా పెట్టుకోలేదని తర్వాత చెప్పాడు. పింఛన్‌లోంచి కూడబెట్టిందంతా పోయింది.

అయితే ఆయన దాచలేదు. ఆ వరండాలో నిలబడే ఫిర్యాదు నంబరుకు ఫోన్ చేశాడు. ఆపరేషన్ డబ్బులు చేబదులు తెచ్చి కట్టి, చిన్నమ్మను ఇంట్లో దింపి బ్యాంకుకు వెళ్ళాడు. ఓటీపీ మీరే ఇచ్చారు కదా సార్ అన్నారట అక్కడ. అవునమ్మా, నేనే ఇచ్చిన అన్నాడట. అక్కడి నుంచి పోలీసుల దగ్గరికి వెళ్ళాడు. ఇదే మెయిల్ ఇంకా ఎవరికైనా వచ్చి ఉంటే వాళ్ళ ఫిర్యాదులు కూడా కలిపి చూడొచ్చు, కనుక్కోండి అన్నారు వాళ్ళు. కాక ఆ పనిలో పడ్డాడు. తెలిసిన ప్రతి మనిషినీ అడగడం మొదలుపెట్టాడు.

నాకు ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు. గొంతు మామూలుగానే ఉంది.

"బిడ్డా, నీది గూడ గదే బ్యాంకు గద. గిసొంటి మెయిల్ నీకేమన్న వచ్చిందా? జర యాది చేసి చెప్పు."

మెయిల్‌లో ఉన్నది చదివి వినిపించాడు. ఒక్కొక్క మాటా నాకు కంఠతా వచ్చు.

"రాలే కాకా" అన్నాను.

"మంచిదాయె బిడ్డా. పైలం" అని పెట్టేశాడు. నేను ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. మళ్ళీ చేసి చెప్పడానికి చాలా వ్యవధి ఉంది. ఆ రోజే కాదు, ఆయన బతికున్న మరో ఐదు నెలలూ ఉంది.

తర్వాతి నెల మొదటి ఆదివారం ప్రభు భోజనం కోసం బోధన్ వెళ్ళాను. మా చర్చిలో సాక్ష్యాలు చెప్పుకునే ఆనవాయితీ ఉంది. జ్వరం తగ్గిందని, పిల్లవాడు పాసయ్యాడని, దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకుంటారు. ఆ రోజు కాక లేచాడు. చిన్నమ్మ చూపు గురించి చెబుతాడనుకున్నారందరూ.

"నేను మోసపోయిన" అన్నాడు. "మీకందరికి చెప్పినోన్నే నేను. నా తొందరతోని నేనే నొక్కిన. సిగ్గయితుంది. అయినా చెప్తున్న. మీల ఎవరికన్న గట్లయితే దాసిపెట్టుకోకున్రి. నాకు చెప్పుడు ఇష్టం లేకుంటే పోలీసులకన్న చెప్పున్రి. మీరు చెప్తే ఇంకోలు బతుకుతరు."

ఆమెన్ అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ఇంకెవరైనా సాక్ష్యం చెప్పేవాళ్ళున్నారా అని పాస్టరు గారు అడిగారు. నేను మూడో వరుసలో ఉన్నాను. లేచి నిలబడితే చాలు. కీర్తనల పుస్తకంలో పేజీలు తిప్పుతూ ఉండిపోయాను. ఆ తర్వాత, తప్పు ఒప్పుకోనివాళ్ళు ముట్టకూడని ఆ ప్రభు భోజనం రొట్టె, ద్రాక్షరసం కూడా తీసుకున్నాను.

ఆ రోజు నుంచి అరుగు దగ్గరికి రావడం తగ్గించారు జనం. "సారే మోసపోయిండు, మనకేం చెప్తడు?" అన్నారు కొందరు. ఎదురుగా అన్నవాళ్ళూ ఉన్నారు. కాక మాత్రం ప్రతి ఆదివారం అక్కడే కూర్చునేవాడు, రెండు రుమాళ్ళతో. నేను తర్వాత రెండుసార్లు వెళ్ళి, ఆయన అటు తిరిగి ఉన్నప్పుడు వెనక గేటు నుంచి బయటపడ్డాను. నాలాగే మోసపోయి నోరు మూసుకున్నవాళ్ళు ఆ అరుగు ముందు నుంచే ఎందరు నడిచి వెళ్ళారో. మోసపోయినవాళ్ళలో నిజం చెప్పినవాడు ఒక్కడే, ఊరి దృష్టిలో తెలివితక్కువవాడూ ఆయనొక్కడే అయ్యాడు. నేను మాత్రం ఇప్పటికీ కంప్యూటర్ టీచర్‌నే. ఇది రాస్తుంటే నా మీద నాకు అసహ్యం వేస్తోంది.

సమాధి కార్యక్రమం అయిన తర్వాత, మూడో రోజు వాళ్ళింట్లో ఓదార్పు ప్రార్థనలు చేసే ఆదరణ కూడిక జరిగింది. అందరూ వెళ్ళిపోయాక చిన్నమ్మ బీరువాలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఆపరేషన్ తర్వాత చేయించాల్సిన అద్దాలు ఆమెకు ఇంకా చేయించలేదు. ఆ డబ్బులు కూడా ఆ మెయిల్‌తోనే పోయాయి.

"అక్షరాలు అలుక్కపోయినట్టు కనిపిస్తున్నయి బిడ్డా. ఏది ఉంచాలె, ఏది పారెయ్యాలె, జర సదివి చెప్పు" అంది.

ఫిర్యాదు నకళ్ళు, బ్యాంకుకు రాసిన ఉత్తరాలు ఒక్కొక్కటే చదివాను. ఒక్కదానికీ జవాబు లేదు. అన్నిటికన్నా కింద నోటుబుక్కులోంచి చింపిన కాగితం ఒకటి ఉంది. పైన 'ఇదే మెయిల్ ఇంకెవరికైనా వచ్చిందా, అడిగినవారు' అని రాసి, గీత కొట్టి ఉంది. దాని కింద రెండు వైపులా పేర్లు. ప్రతి పేరు పక్కనా 'రాలేదు' అని గుండ్రని అక్షరాలు.

"అందరివి రాసిండా?"

"రాసిండు చిన్నమ్మా."

"నీ పేరు గూడ ఉన్నదా?"

ఉందన్నాను.

"ఏమని రాసిండు?"

నా పేరు పక్కన మాత్రం ఆయన ఒక ముక్క ఎక్కువ రాశాడు. చదవకుండా ఉండే దారి లేదు. "రాలేదు. వచ్చి ఉంటే ముందే చెప్పేది" అని చదివాను.

"అవు. ఆ దినం నీకు ఫోన్ చేసినంక నాతోని అన్నడు. పోనీ, బిడ్డకన్న రాలే, గది చాలు అన్నడు. పొద్దటిసంది ముద్ద ముట్టనోడు అప్పుడు ఇంత అన్నం తిన్నడు."

ఈ వ్యాసం అచ్చయ్యాక ఎవరో ఒకరు ఆమెకు చదివి వినిపిస్తారు. నేను నోటితో చెప్పలేనిది ఆమె అలా వింటుంది.

నా పేరు ఎక్కడున్నదో చూపించమంది చిన్నమ్మ. చూపించాను. కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పట్టుకుంది. కనిపించలేదు. ఒళ్ళో పెట్టుకుని, నేను చూపించిన చోట అరచేత్తో మెల్లగా నిమురుతూ కూర్చుంది.