తొమ్మిదో గుంత దగ్గర బూట్లు విడవాలి

గోల్ఫ్ ఎందుకు ఆడతారో కెంచమ్మకు ఇప్పటికీ అర్థం కాలేదు. నిమ్మకాయంత బంతిని నిలువెత్తు కర్రతో బాదడం, దాని వెంట ఎండలో పడి నడవడం, చివరికి దాన్ని గుంతలో వేసి మళ్లీ తామే చెయ్యిపెట్టి తీసుకోవడం. "గుంతలోనే ఎయ్యాలంటే మొదట్నే చేత్తో ఏస్తే పోదా?" అని మేనేజరు వేణుగోపాల్‌ని ఓసారి అడిగింది. అతను నవ్వలేదు. అతనికి నవ్వే తీరిక ఉండేది కాదు.

ఆమెది పావగడ పక్క బలసముద్రం, కర్ణాటకలో ఆంధ్ర అంచునున్న ఊరు. సోలార్ పార్కు కింద పోయిన పొలాల్లో ఆమె ఇంటి నాలుగెకరాలూ ఉన్నాయి. పోవడమంటే అమ్ముడుపోవడం కాదు, కౌలుకు పోవడం. ఏటా కౌలు బ్యాంకులో పడుతుంది, తిండికి లోటు లేదు. లోటంతా చేతులకే. వేరుశనగ విత్తిన నేల మీద ఇప్పుడు నల్లటి పలకలు సూర్యుడికేసి మొహం పెట్టి నిలబడి ఉన్నాయి. కొన్నాళ్లు ఆ పలకలు కడిగే కూలికి పోయింది. పైపు పట్టుకుని ఒక వరుస కడగడం, పక్క వరుసకు జరగడం, అంతే పని. తన పొలంలో పొద్దంతా నిలబడి కూడా మట్టి ముట్టుకోకుండా ఇంటికి వస్తున్నానే అని ఆమెకు ఏడుపొచ్చేది. ఎవరితోనన్నా చెప్పుకుంటే, కూర్చుని తినే యోగం పట్టింది, ఇంకా ఏడుపేమిటి అనేవాళ్లు. దాంతో చెప్పుకోవడం మానేసింది.

పార్కు అంచున రాళ్ల వాలొకటి ఉంది. అక్కడ పలకలు బిగించడానికి వీలుపడలేదు. నందీష్ అనే తుమకూరు కాంట్రాక్టరు ఆ వాలులో ఒక గెస్ట్ హౌస్ కట్టి, సాయంత్రాలు ఏమీ తోచక తల పట్టుకుంటున్న ఇంజనీర్ల కోసం పక్కనే తొమ్మిది గుంతల గోల్ఫ్ కోర్సు వేయించాడు. గోల్ఫ్ అంటే పచ్చిక ఉండాలట. తాగే నీళ్లకే ట్యాంకరు కోసం ఎదురుచూసే చోట పచ్చిక ఎక్కడ పెంచుతారు? అందుకని ప్రతి గుంత చుట్టూ నూనె కలిపిన ఇసుక పరిచారు. ఎడారి దేశాల్లో అలాగే చేస్తారని ఎవరో చెప్పారు. ఆ ఇసుకను ఊడ్చి చదును చేసే పనికి కెంచమ్మ కుదిరింది. ఇసుక ఇంజను కంపు కొట్టేది. కొడితే కొట్టనీ, చేతికి మళ్లీ నేల తగిలింది కదా అని ఆమె సంబరపడింది.

ఇక వేణుగోపాల్ సంగతి. అతనిది పావగడ బజారులో బట్టల కొట్టు కుటుంబం. జాకెట్టు గుడ్డ కోసం వచ్చినావిడ ముందు నలభై చీరలు పరిచి, టీ తెప్పించి, ఆమె వద్దన్న కొద్దీ ఇంకో కట్ట విప్పే కొట్టు అది. కొడుక్కి వచ్చిన విద్యా అదే. ఆడేవాళ్ల వెనకాలే మజ్జిగ చెంబు, తడి తువ్వాలు, ప్లాస్టిక్ కుర్చీ మోసుకుంటూ తొమ్మిది గుంతలూ తిరిగేవాడు. మనిషి కర్ర ఎత్తి, ఊపిరి బిగబట్టి, కొట్టబోయే క్షణంలో "మజ్జిగ పోయమంటారా సార్?" అనేవాడు. కొట్టే ముందు మాట్లాడకూడదని చాలామంది చెప్పి చూశారు. గిరాకీని పలకరించకుండా ఉండటం అతని ఒంట్లో లేదు.

ఇంత సేవ చేసినా అతిథులు రాసే పుస్తకం నిండా తిట్లే. కార్తీకం వెళ్లిన మర్నాడు వేణుగోపాల్ ఆ పుస్తకం తెచ్చి ఆమెకు చదివి వినిపించాడు. బంతి దొర్లడం లేదు, కుంటుతోందని ఒకరు రాశారు. బూట్లకు అంటిన జిడ్డు కారులోకి కూడా వచ్చిందని ఇంకొకరు. నాలుగో గుంత దగ్గర గొర్రె తన బంతిని నాకిందని మరొకరు.

"గొర్రె ఏం చేస్తాదప్పా, ఉప్పు అనుకొని నాకింటాది," అంది కెంచమ్మ.

"నవ్వులాట కాదక్కా. నందీష్ సారు ఫోన్ చేసినాడు. మళ్లొచ్చే ఆదివారం బెంగళూరు క్లబ్బు నుంచి అంబుజ మేడం వస్తాండాది. నలభై ఏండ్ల నుంచి ఈ ఆటే ఆడతాండాదంట. ఆయమ్మ బాగుండాది అనిందంటే ఆ క్లబ్బోళ్లు వారం వారం వస్తారు. బాగలేదనిందంటే సారు దీన్ని మూసేసి, పగిలిన పలకలు పారేసే యార్డు చేస్తాడంట."

కెంచమ్మ చేతిలోని చీపురు కింద పెట్టేసింది. "అయితే నాకు మళ్లా ఆ పైపేనా?"

"నాకు మళ్లా మా నాయన పక్కన కొట్లో కూర్చోడమే," అన్నాడు వేణుగోపాల్. ఏది ఎక్కువ కష్టమో ఇద్దరూ వాదించుకోలేదు.

ఆమె నేల మీద కూర్చుని ఆ ఇసుకను గుప్పిట్లోకి తీసుకుంది. ఎండకు నూనె కరిగి ముద్దలు కట్టింది. ఆ ముద్దల మధ్య ఎక్కడ చూసినా చిన్న చిన్న బొక్కలు. ఎలుకలు తవ్వాయా అనుకుంది.

"బంతి నున్నగా దొర్లాలంటే కళ్లం మాదిరి ఉండాలప్పా," అంది చివరికి. "రాగులు నూర్చేదానికి కళ్లం ఎట్ల చేస్తాం? గింజ ఒకటి కూడా మట్టిలో ఇరుక్కోకూడదు కదా. ఈ జిడ్డంతా ఎత్తిపారేసి నన్ను చేయనీ."

"పేడతోనా? గోల్ఫ్ కోర్సులోనా? అక్కా, నన్ను చంపుతావా?"

"ఎట్లా మూసేదే అంటాండావు కదప్పా. ఒగటి చేసి చూస్తా."

తొమ్మిది గుంతలకూ వ్యవధి లేదు. గెస్ట్ హౌస్‌కు దగ్గరగా ఉన్న ఆఖరిదాన్ని ఆమె చేతికిచ్చి, వేణుగోపాల్ అటు చూడటం మానేశాడు. ఆమె జిడ్డు ఇసుకంతా తట్టలతో మోసి దూరంగా పోసింది. ఎర్రమట్టి పరిచి, నీళ్లు చల్లి, రాగుల పొట్టు జల్లి, చీర ఎగగట్టి కాళ్లతో తొక్కింది. రాతి గుండు దొర్లించింది. ఆపైన పేడనీళ్లతో అలికింది. ఆరేళ్లుగా చేయని పని అయినా చేతులు ఒక్క మెట్టు కూడా మర్చిపోలేదు. మూడో రోజు నేల బిగిసి తళతళలాడుతుంటే వేణుగోపాల్ ఉండబట్టలేక వచ్చి ఒక బంతి వదిలాడు. అది గుంత దాటి, కళ్లం దాటి, వాలులో పడి మాయమైంది.

"రాతి బండ చేసిపెట్టినావక్కా!"

కెంచమ్మ తట్ట ఎత్తుకుని వాగుకు పోయింది. వాగు ఇసుక తెచ్చి పిండి జల్లెడతో జల్లించి, కళ్లం మీద పలచగా చల్లింది. తడిపిన గోనెపట్ట దాని మీద ఈడ్చింది. బంతి ఈసారి గుంత దాటి జానెడు దూరంలో ఆగింది. ఇంకాస్త చల్లింది, ఇంకోసారి ఈడ్చింది. శనివారం సాయంత్రానికి బంతి మాట వింటున్నట్టే అనిపించింది.

అంబుజ గారు ఆదివారం తొమ్మిది గంటలకు దిగారు. అరవై అయిదు దాటిన మనిషి, సన్నగా, నిటారుగా, తెల్ల టోపీతో ఉన్నారు. మొదటి గుంత దగ్గర వేణుగోపాల్ మజ్జిగ ఇచ్చాడు. రెండో గుంత దగ్గర తువ్వాలు ఇచ్చాడు. మూడో గుంత దగ్గర కుర్చీ వేసి, దాన్ని పైపంచెతో తుడిచాడు. "నాయనా, నన్ను కాస్త ఆడుకోనివ్వు," అన్నారావిడ. అతను సరేనన్నాడు, అయిదో గుంత దగ్గర జామకాయ కోసి ఉప్పుకారం అద్ది తెచ్చాడు. ఆవిడ ప్రతి గుంత దగ్గరా బంతి కుంటడం చూసి, చిన్న పుస్తకంలో ఏదో రాసుకుని ముందుకు నడిచారు. దూరం నుంచి చూస్తున్న కెంచమ్మ, ఆవిడ ఎన్నిసార్లు రాసుకున్నారో వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

తొమ్మిదో గుంతకు ఆవిడ బంతి వచ్చి కళ్లం అంచు మీద నిలిచింది. ఆవిడ దాని వెనకాలే నడిచి వచ్చి, లోపలికి కాలెత్తారు.

"అమ్మా, ఆగు!" అని కెంచమ్మ అడ్డంగా వచ్చి నిలబడింది. "బూట్లు ఇడిసి రామ్మా."

వేణుగోపాల్ చేతిలోని చెంబు జారి మజ్జిగ రాళ్ల పాలైంది. గిరాకీని గుమ్మంలో ఆపిన కొట్టును అతను ఈ జన్మలో చూడలేదు. "అక్కా, ఏం మాట్లాడతాండావు! మేడం, ఈయమ్మకు తెలీదు, మీరు రాండి..."

తాను చేసింది తప్పని అప్పుడే కెంచమ్మకు తట్టింది. ఉన్న ఒక్క ఆశనూ నోటితో పోగొట్టుకున్నాననుకుంది. కానీ పుట్టి బుద్ధెరిగాక ఆమె కళ్లంలో చెప్పుకాలు పెట్టిన మనిషిని చూడలేదు. తండ్రి పెట్టలేదు, ఊరి రెడ్డి పెట్టలేదు, జమాబందికి వచ్చిన తహసీల్దారు కూడా గట్టునే చెప్పులు విడిచి వచ్చాడు. ఆమె పక్కకు తొలగలేదు.

"ఇది కళ్లమమ్మా. తిండిగింజ రాలే చోటు," అంది. "దీంట్లోకి చెప్పుకాళ్లతో ఎవురూ రారు. నేను చేసినా, ఇంగొకరు చేసినా అంతే."

అంబుజ గారు ఆమెను చూశారు. తర్వాత ఒక కాలు మడిచి తన బూటు అడుగు చూసుకున్నారు. అడుగు నిండా కాలు జారకుండా బిగించిన ముళ్లు. వెనక్కి తిరిగి ఎనిమిదో గుంత కేసి చాలాసేపు చూశారు. ఎలుకలు తవ్వాయనుకున్న బొక్కలన్నీ ఆ ముళ్లవేనని కెంచమ్మకు అప్పుడు తెలిసింది.

ఆవిడ వంగి తాడు విప్పబోయారు. నడుం సహకరించలేదు. వేణుగోపాల్ ఒక్క పరుగున పోయి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. పొద్దుటి నుంచి అతను చేసిన మర్యాదల్లో పనికొచ్చింది అదొక్కటే. ఆవిడ కూర్చుని, తీరిగ్గా బూట్లు, మేజోళ్లు విప్పి, వట్టి కాళ్లతో లోపలికి వచ్చారు. రెండడుగులు వేసి ఆగారు.

"ఇటువైపు వాలుందే," అన్నారు. "కంటికి కనపడలేదు. కాలికి తెలుస్తోంది."

"అవునమ్మా. వాన నీళ్లు పోయేదానికి కళ్లాన్ని ఒగ పక్కకు వంచుతాము."

ఆవిడ కొట్టిన బంతి నిదానంగా దొర్లి, గుంతకు వేలెడు దూరంలో ఆగింది. వేణుగోపాల్ కళ్లు మూసుకున్నాడు. ఆవిడ నవ్వారు. బంతిని తెచ్చుకుని మళ్లీ కొట్టారు, మళ్లీ కొట్టారు. నాలుగోసారికి అది గుంతలో పడింది. ఆట అయిపోయినా ఆవిడ బూట్లు తొడుక్కోలేదు, కళ్లం చుట్టూ ఒక తిరుగు తిరిగారు. "నలభై ఏళ్లు ఆడాను. ఆడే నేలను పాదంతో తాకింది ఇవాళే," అన్నారు. పోతూ కెంచమ్మ పేరు అడిగి రాసుకుని, అతిథుల పుస్తకంలోనూ నాలుగు మాటలు రాశారు.

ఆవిడ కారు కదిలాక వేణుగోపాల్ ఆ పుస్తకం తెరిచి, గొంతు సరిచేసుకుని చదివాడు. ఎనిమిది గుంతలు ఆడటానికి పనికిరావని ఉంది. మేనేజరు తక్కువ మాట్లాడితే మంచిదని ఉంది. తొమ్మిదో దానిలాంటి నేల మీద తానెక్కడా ఆడలేదని, మిగతావి కూడా కెంచమ్మ చేతికి అప్పగించి, అన్నిచోట్లా బూట్లు విడిపిస్తే, మూడు నెలల తర్వాత తమ క్లబ్బు సభ్యులతో వస్తానని ఉంది.

కెంచమ్మ అక్కడే కూలబడి కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది. ఈసారి ఏడుపెందుకని ఎవరూ అడగలేదు.

ఎనిమిది కళ్లాలు ఒంటి చేత్తో అయ్యే పని కాదు. పలకలు కడిగే ఆరుగురు ఆడవాళ్లను ఆమె పిలుచుకొచ్చింది. వాళ్ల పొలాలూ పలకల కిందే ఉన్నాయి. మట్టి తొక్కుతూ వాళ్లు పాత సుగ్గినాళ్ల, కోతల కాలపు ముచ్చట్లన్నీ తిరగదోడారు, ఒకరి మీద ఒకరు బురద చిమ్ముకున్నారు. వేణుగోపాల్ గేటు దగ్గర కన్నడంలో, తెలుగులో, ఇంగ్లీషులో బోర్డు పెట్టించి, ప్రతి కళ్లం గట్టు దగ్గరా బూట్లకు అరలు చేయించాడు. కొట్టే ముందు మాట్లాడకుండా ఉండటం మాత్రం ఇంకా నేర్చుకుంటున్నాడు.

మూడు నెలలకు అంబుజ గారు అన్నంత పనీ చేశారు, పన్నెండు మందితో వచ్చారు. ఆ పొద్దున కొత్తగా అచ్చయిన ఆట కార్డుల కట్ట విప్పి వేణుగోపాల్ ఒకటి కెంచమ్మ చేతిలో పెట్టాడు.

"ఏంది రాసినారప్పా దీంట్లో?"

"తొమ్మిది గుంతలకూ పేర్లు, అక్కా. ఈ కడపటిది చూడు. మేడమే పెట్టినారు. కెంచమ్మ కళ్లం."

ఆమె అక్షరాల మీద వేలు పెట్టి నిలబడింది. నాలుగెకరాల పహాణీలో మొదట మామ పేరుండేది, తర్వాత మొగుడి పేరు, ఇప్పుడు కొడుకు పేరు. పుట్టింటి పొలానికి తండ్రి పేరు, అన్న పేరు. యాభై నాలుగేళ్లు మట్టిలోనే బతికిన మనిషి పేరు ఏ నేలకూ ఎవరూ రాయలేదు.

కార్డును రవికెలో దోపుకుని, కళ్లు తుడుచుకుని, ఆమె గట్టు మీదికి వచ్చింది. పన్నెండు మందీ వాలు దిగి వచ్చి అరల దగ్గర ఆగుతున్నారు.

"అందరూ బూట్లు ఇడిసినారాప్పా?" అని కేకేసింది.