పనసచెట్టుకు మందు పోసిన మనిషి

నా చిన్నప్పుడు, నేను అయిదో తరగతి చదువుతున్న ఏడాది, మా వీధిలో అందరికీ అందరి మీదా అనుమానంగా ఉండేది. నర్సీపట్నానికి ఆనుకుని ఉన్న చిన్న ఊరు మాది. ఆ వేసవిలో ఊరి చుట్టూ రెండు మూడు తోటల్లో కాపు మీదున్న మామిడిచెట్లు నిలువునా ఎండిపోయాయి. ఎవరో మొదళ్లకు చిల్లులు పెట్టి ఏదో మందు పోస్తున్నారనీ, చెట్టు చచ్చాక కలప వ్యాపారులు వచ్చి వంటచెరకు ధరకు పట్టుకుపోతున్నారనీ చెప్పుకున్నారు. కళ్లారా చూసినవాళ్లు ఎవరూ లేరు గానీ, చెప్పేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు.

మా పెరట్లో ఒక పనసచెట్టు ఉండేది. మా తాతయ్య పెళ్లయిన కొత్తలో నాటినది. దాని కొమ్మ ఒకటి, మనిషి నడుమంత లావుది, గేదె పాక మీదికి వాలి ఉండేది. ఆ ఏడాది ఆకులు పసుపు రంగుకు తిరిగి రాలడం మొదలైంది. పిందెలు నల్లబడి రాలిపోయేవి. కొమ్మ కింద నేల మీద రోజూ పొద్దున్నే సన్నటి రంపపు పొట్టు పడి ఉండేది. తాతయ్య ఆ పొట్టును వేళ్ల మధ్య నలిపి, వీధి వైపు ఒకసారి చూసి లోపలికి వచ్చేవాడు.

చెట్ల పని చేసే ఆయనను పిలిపించింది మా నాయనమ్మ. ఆయన బలిఘట్టం వైపు నుంచి పాత సైకిలు మీద వచ్చేవాడు. వెనక క్యారియరుకు చుట్టిన మోకు తాడు, గొడ్డలి, చేతిరంపం, ఒక గుడ్డసంచి. కొబ్బరిచెట్ల తలలు శుభ్రం చేయడం, కరెంటు తీగలకు తగిలే కొమ్మలు కొట్టడం, పురుగు పట్టిన చెట్లకు వైద్యం చేయడం ఆయన జీవనం. ఇళ్ల మధ్యనున్న కొమ్మను మోకుతో కట్టి, ముక్కలుగా కోసి, ఒక్క పెంకు కూడా పగలకుండా కిందికి దించేవాడని పేరు. అయితే ఎండిపోయిన తోటల్లో ఒకదానికి ఆయన అంతకుముందు రెండుసార్లు వెళ్లాడని కూడా వీధిలో అనుకుంటున్నారు. తోట జబ్బు పడింది కాబట్టే ఆయనను పిలిచి ఉంటారని మాలో ఎవరికీ తోచలేదు.

ఆయన వచ్చిన రోజు తాతయ్య బజారుకు వెళ్లబోతూ నన్ను పెరటి అరుగు మీద కూర్చోబెట్టాడు.

"ఒలే గుంటా, ఆడేటి సేస్తాడో సూడు. నేనొచ్చినాక అడుగుతాను, సెప్పాల."

ఇంట్లో నాకు అప్పగించిన మొదటి పెద్ద పని అది. నేను కళ్లార్పకుండా కూర్చున్నాను.

ఆయన చెట్టు చుట్టూ నెమ్మదిగా తిరిగాడు. గొడ్డలి వెనక వైపుతో అక్కడక్కడా తట్టి, కాండానికి చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. తర్వాత కొక్కెంలా వంచిన సైకిలు చువ్వను ఒక రంధ్రంలోకి దూర్చి, మెలితిప్పి లాగాడు. దాని చివర వేలంత పొడుగున్న తెల్లటి పురుగు మెలికలు తిరుగుతూ వచ్చింది. గోధుమరంగు తల, గట్టి కోరలు. దాన్ని పనసాకు మీద పెట్టి నా దగ్గరకు తెచ్చాడు.

"సూసినావా పాపా? మీ సెట్టుని తినేస్తన్నది ఈడే. ఇలాంటోలు లోపల ఇంకా ఎంతమందున్నారో."

దాన్ని కోళ్ల వైపు విసిరాడు. ఒక కోడి దాన్ని ముక్కున కరచుకుని పరుగెత్తింది. అప్పుడాయన సంచిలోంచి కాగితం అంటించని ఒక సీసా తీశాడు. రంధ్రంలో కాస్త పోసి, తడిపిన దూది కూరి, అటూ ఇటూ చూసి, నూతి దగ్గర నుంచి బంకమట్టి తెచ్చి మెత్తాడు. మూడు రంధ్రాలు అలా మూసేసరికి తాతయ్య వచ్చాడు. తాతయ్య వెనకే పక్కింటి మామ్మ, ఇంకో నలుగురు.

"ఏటి సూసినావు?" అని అడిగాడు తాతయ్య.

"చిల్లులో ఇనుప చువ్వ పెట్టి తిప్పాడు. సీసాలోంచి ఏదో పోశాడు. అటూ ఇటూ చూసి మట్టితో మూసేశాడు."

ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. పురుగు సంగతి మాత్రం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇప్పుడు నాకు తెలుసు. అంతమంది పెద్దవాళ్లు ఊపిరి బిగబట్టి నా మాట వినడం అదే మొదటిసారి. పురుగు సంగతి చెబితే అందరూ "ఓస్, అంతేనా" అని వెళ్లిపోతారని నాకు ఎక్కడో తెలిసింది.

"పెట్రోలు బాబూ. పురుగు సావడానికి," అన్నాడాయన, చేతుల మట్టి దులుపుకోకుండానే.

"పురుగేదీ? సూపించు."

"కోడి తినేసినాది బాబూ."

ఎవరో నవ్వారు. పక్కింటి మామ్మ "కోడి మీదకి నెట్టేస్తన్నాడు సూడండర్రా" అంది. ఆయన ఒకసారి నా వైపు చూశాడు. నేను అరుగు మీది సున్నం పెచ్చును గోటితో గీకుతూ తల దించుకున్నాను. ఆయన చూపు తిప్పుకుని, సామాను సంచిలో సర్దుకున్నాడు. వెళ్లేముందు తాతయ్యతో ఒకే మాట అన్నాడు.

"ఆ కొమ్మ లోపల డొల్లయిపోనాది బాబూ. కొట్టించినంత వరకూ దాని కింద గేదెని కట్టకండి."

ఆయన సందు మలుపు తిరగ్గానే తాతయ్య, "గేదెని బైట కట్టమంటన్నాడు, తోలుకుపోడానికి," అన్నాడు. ఆ సాయంత్రం నుంచి పాకలో గేదెకు రెండు పలుపులు వేశారు.

తర్వాత మా వీధిలో ఎవరూ ఆయనను పిలవలేదు. కొబ్బరికాయలు దింపడానికి కూడా పాయకరావుపేట నుంచి మనిషిని రప్పించుకున్నారు. ఆయన సైకిలు మా ఇంటి ముందు నుంచి ఆగకుండా వెళ్లిపోతుంటే నేను తలుపు చాటుకు వెళ్లేదాన్ని.

పది పన్నెండు రోజులకు, ఒక ఆదివారం మధ్యాహ్నం, ఉన్నట్టుండి గాలి లేచింది. తాతయ్య భోజనం చేసి కునుకు తీస్తున్నాడు. పెరట్లో కొమ్మ కిర్రుమనడం విన్నాను. డొల్ల అన్న మాట అబద్ధమని తాతయ్య అనుకోగలడు, నేను అనుకోలేను. ఆ పురుగును నేను చూశాను. పరుగెత్తి పాకలోకి వెళ్లి పలుపులు విప్పడం మొదలుపెట్టాను. ఒకటి వచ్చింది, రెండోది ముడి బిగుసుకుంది. పళ్లతో లాగి విప్పాను. గేదె ఎంతకీ కదల్లేదు. మెడ పట్టుకుని ఏడుస్తూ లాగితే, చివరికి విసుక్కున్నట్టు నూతి వైపు నడిచింది. మేము నూతిగట్టు చేరామో లేదో, కొమ్మ విరిగి పాక నడిమధ్యన పడింది. దూలం రెండు ముక్కలైంది.

అందరూ వచ్చారు. తాతయ్య ముందు నన్ను చూశాడు, తర్వాత గేదెను, ఆ తర్వాత విరిగిన కొమ్మను. లోపలంతా గొట్టంలా ఖాళీ. పొట్టులో తెల్లటి పురుగులు కదులుతున్నాయి. ఇక అంతా తేలిపోయిందనుకున్నాను. కానీ పక్కింటి మామ్మ కొమ్మను కాలితో తోసి, "ఈ పురుగుల్ని ఆడే ఏసుంటాడు," అంది. ఒకరిద్దరు తలూపారు. అనుమానం దేనికైనా సమాధానం చెప్పుకోగలదని ఆ క్షణంలో చూశాను. నాకు భయం వేసింది.

"కాదు. ఆ రోజే ఉన్నాయి. ఆయన తీసి నాకు చూపించాడు. కోడి తినడం కూడా నేను చూశాను," అన్నాను.

తాతయ్య కొట్టలేదు. "మరి ఆ రోజెందుకు సెప్పనేదే?" అని మాత్రం అన్నాడు.

మర్నాడు పొద్దున్నే తాతయ్య నన్ను వెంటబెట్టుకుని బలిఘట్టం వెళ్లాడు. ఆయన ఎవరిదో కొబ్బరిచెట్టు మీద ఉన్నాడు. మమ్మల్ని చూసినా పని ఆపలేదు. ఎండిన మట్టలు ఒక్కొక్కటే కోసి, మేము నిలబడ్డ వైపు కాకుండా రెండో వైపు పడేశాడు. తాతయ్య తలపాగా తీసి చేతిలో పట్టుకుని, ఆయన దిగేదాకా ఎండలో నిలబడ్డాడు.

"తప్పయిపోనాది నాయినా. మా గుంట సూసిందని ఆ రోజు ఒక్క ముక్క అనాల్సింది కదా."

ఆయన కాళ్లకున్న తాడు విప్పుకుంటూ అన్నాడు. "పిల్ల నోరిప్పనేదు బాబూ. అంతమందిలో దాన్ని అబద్ధాలకోరుని సేసి నేనేటి బాగుపడతాను?"

ఆయన మర్నాడు వచ్చి రోజంతా పనిచేశాడు. విరిగిన చోటు నునుపుగా కోసి, మిగిలిన రంధ్రాలన్నీ వెతికాడు. ప్రతిసారీ నన్ను పిలిచాడు. కాండానికి చెవి ఆనించమన్నాడు. లోపల ఏదో నెమ్మదిగా కొరుకుతున్న చప్పుడు నాకూ వినిపించింది. సాయంత్రం సైకిలు ఎక్కబోతూ నాతో అన్నాడు.

"ఎవులైనా అడిగితే రెండూ సెప్పు పాపా. సీసా సెప్పు, పురుగూ సెప్పు. సీసా దాచొద్దు, అదీ నిజమే కదా."

తాతయ్య నన్ను వీధిలో ప్రతి ఇంటికీ తీసుకెళ్లి రెండూ చెప్పించాడు. కొందరు విని, మళ్లీ ఆయనను పిలిచారు. కొందరు పిలవలేదు. పక్కింటి మామ్మ నన్ను ఎగాదిగా చూసి, "మీ తాత సెప్పమంటే సెప్తన్నావా?" అంది. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నా నమ్మని కళ్ల ముందు నిలబడడం ఎలా ఉంటుందో ఆ గుమ్మంలో తెలిసింది. ఆ మామ్మ బతికున్నంత కాలం తన చెట్టు మీద ఆయన చెయ్యి పడనివ్వలేదు.

ఇప్పుడు నా జుట్టు నెరుస్తోంది. ఎస్. రాయవరం దగ్గర ఒక బడిలో పాఠాలు చెబుతున్నాను. స్టాఫ్ రూములో ఎవరి గురించైనా మాట వచ్చి, నేను చూసింది చెప్పమని నలుగురూ నా వైపు తిరిగినప్పుడు, గొంతు దాకా వచ్చిన మాటను ఒక్క క్షణం ఆపుతాను. అబద్ధం చెబుతానేమోనన్న భయం నాకు లేదు. వాళ్లు వినాలనుకుంటున్న సగమే చెబుతానేమోనని భయం.