మానుకోటలో ఒక అద్దె గది

ఈ రోజు గంగారం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మా మానుకోట, అదే మహబూబాబాద్ దవాఖానలో నర్సు ఉద్యోగం వచ్చిందట, రేపే చేరాలి. ఇళ్ళు చూపించడం నా పని కాబట్టి బండి మీద ఎక్కించుకుని బయలుదేరాను.

మొదటి ఇంటాయన గది చూపించి, అడ్వాన్సు మాట కూడా అయ్యాక, "ఏ కులమమ్మా?" అన్నాడు. "కోయోళ్ళం" అంది. ఆయన నన్ను పక్కకు పిలిచి, ఇల్లు ఇవ్వలేనన్నాడు. రెండో ఇంట్లోనూ అంతే.

రోడ్డు మీదికి వచ్చాక అమ్మాయి, "పోనీ తీ అక్కా, రోజూ బస్సుల వచ్చిపోత" అంది.

"ఇయ్యాల తాళంచెయ్యి నీ చేతుల పెట్టకుంట నేను ఇంటికి పోను" అన్నాను. కోపంతో అన్న మాటే, కానీ వెనక్కి తీసుకోలేదు.

సాయంత్రానికి మూడో ఇల్లు దొరికింది. ఇంటి అవ్వ మమ్మల్ని కూర్చోబెట్టి, "ఒక్కటే అడుగుత బిడ్డా" అంది. ఇద్దరం బిగుసుకుపోయాం.

"ట్యాంకు నిండినంక మోటర్ బంద్ చేస్తవా, మర్చిపోతవా?"

అమ్మాయి పొద్దున్నుంచి మొదటిసారి నవ్వింది. "బంద్ చేస్త అవ్వా."

తను గది ఊడ్చుకుంటుంటే, నేను ఆ ఇద్దరు ఓనర్లకు ఫోన్ చేసి, ఇక వాళ్ళ ఇళ్ళు ఎవరికీ చూపించనని చెప్పాను. "మస్తుమంది ఏజెంట్లున్నరు తియ్" అన్నాడు ఒకాయన.

ఉన్నారు, నిజమే. మానుకోట ఏజెంట్లూ, ఈ పోస్టు మీకోసమే. నాతో ఎవరెవరున్నారో కింద చెప్పండి.