ఉదయగిరి నుంచి వచ్చిన టేబుల్ ఫ్యాను

మొన్న ఫ్రిజ్ తలుపు పట్టుకోగానే నా వేళ్ళు జివ్వుమన్నాయి. పెద్ద దెబ్బేం కాదు, చీమ కుట్టినంత. మా ఆయన పిలిపించిన ఎలక్ట్రీషియన్ ఫ్రిజ్ వెనక వంగి చూసి, వైరు ఒరుసుకుపోయిందనీ, అరగంటలో సరిచేస్తాననీ అన్నాడు. నేను ఒప్పుకోలేదు. సాయంత్రానికల్లా అది ఇంట్లో ఉండకూడదని పట్టుబట్టాను. బంగారంలాంటి ఫ్రిజ్‌ను పారేస్తారా అని ఆ మనిషి నొచ్చుకున్నాడు గానీ, మా ఆయన మాత్రం వంగి దాని ప్లగ్గు పీకేశాడు. మా మేనత్త సంగతి ఆయనకు తెలుసు. టేబుల్ ఫ్యాను ముందు వరసగా చాపలేసుకుని పడుకున్న తరం వాళ్ళకు చెబితే అర్థమవుతుందని ఇది రాస్తున్నాను.

నాయన ఆత్మకూరు బస్సు డిపోలో మెకానిక్కుగా పనిచేసేవాడు. ఇంటికొచ్చాక కూడా ఆయన చెయ్యి ఊరుకునేది కాదు. మా వీధిలో ఎవరి కుర్చీ కాలు ఊడినా, ఎవరి ఇస్త్రీపెట్టె వేడెక్కకపోయినా అవి మా అరుగు మీదికే వచ్చేవి. పాడైనదాన్ని పక్కన పెట్టి కొత్తది కొనడమంటే నాయనకు ఓడిపోయినట్టే లెక్క.

మేనత్త నాయనకు అక్క. ఉదయగిరిలో కొండ కింద కాపురం. పొద్దు గుంకినా ఆ బండల వేడి తగ్గేది కాదు. మామ మంచాన పడ్డ ఎండాకాలంలో ఆయన కోసమని ఒక టేబుల్ ఫ్యాను కొనుక్కున్నారు. ఆయన పోయాక, పిల్లలు లేని అత్తను నాయన మా ఇంటికి తీసుకొచ్చాడు. వచ్చేటప్పుడు ట్రంకుపెట్టెను బస్సు మీద వేయనిచ్చింది గానీ, పచ్చరంగు ఇనుప ఫ్యానును మాత్రం దారి పొడుగునా ఒళ్ళోనే పెట్టుకుని వచ్చిందట.

కొన్నేళ్ళకు అది షాక్ కొట్టడం మొదలుపెట్టింది. మేము కర్రపుల్లతో స్విచ్చి నొక్కేవాళ్ళం, చెప్పులేసుకుని దాన్ని తిప్పేవాళ్ళం, ఎవరైనా తెలియక తాకి కెవ్వుమంటే నవ్వుకునేవాళ్ళం కూడా. అమ్మకు మాత్రం భయంగా ఉండేది. ఆమె పోరు పడలేక నాయన ఒకరోజు ఫ్యాను విప్పి చూశాడు. ఎప్పుడూ అనని మాట ఆరోజు ఆయన నోట వచ్చింది.

"అక్కా, దీని పనైపోయినాది. లోపల వైర్లన్నీ పెళుసుబారిపోయి ఉండాయి. కొత్తది తెస్తాను."

అత్త కోపం తెచ్చుకోలేదు. ఫ్యాను పక్కనే కూర్చుని, "మీ బావ కడదాకా దీని గాలికేరా కళ్ళు మూసుకున్నాడు. అంతంత ఇంజన్లు విప్పి బిగించేవాడివి, అక్క కోసం దీన్ని బాగుచెయ్యలేవా?" అంది.

ఆ మాట తర్వాత నాయన కొత్త ఫ్యాను ఊసెత్తలేదు. తన సెలవురోజంతా దాని ముందే కూర్చున్నాడు. పాత వైర్లు తీసి కొత్తవి వేసి, అతుకుల మీద టేపు చుట్టి, టెస్టరు పెట్టి చూసుకుని, ముందు తనే తాకాడు. తర్వాత అత్త అరచెయ్యి దాని మీద ఆనించి చిన్నపిల్లలా నవ్వింది. ఆరోజు నాయన ముఖంలో కనిపించిన వెలుగు ఇప్పటికీ నా కళ్ళకు కట్టినట్టుంటుంది.

మరుసటి ఎండాకాలం దాకా ఫ్యాను ఏ ఇబ్బందీ లేకుండా తిరిగింది. ఒక మధ్యాహ్నం గచ్చు చల్లబడుతుందని అత్త నీళ్ళు చల్లి, గాలి నీ వైపు తిప్పమంటావా అని వంటింట్లో ఉన్న అమ్మను అడుగుతూ ఫ్యాను మెడ పట్టుకుంది. నేను అరుగు మీద ఉన్నాను. అమ్మ కేక విని లోపలికి పరిగెత్తేసరికి పక్కవాటా దర్జీ సాయిబు నాకన్నా ముందే దూసుకుపోయి, "తాకబాకండి! తాకబాకండమ్మా!" అని అరుస్తూ అమ్మను వెనక్కి నెట్టి ప్లగ్గు పీకాడు. అప్పటికే అంతా అయిపోయింది. అత్త తడిగచ్చు మీద పక్కకు ఒరిగి ఉంది. వేళ్ళు ఇంకా ముడుచుకునే ఉన్నాయి.

కర్మలయ్యాక నాయన ఆ ఫ్యానును మళ్ళీ విప్పాడు. వేడికి టేపు జిగురు కారి ఊడిపోయి, వైరు ఇనుముకు ఆనుకుని ఉంది. "నేను చుట్టిన టేపే" అన్నాడు అమ్మతో. పాతసామాన్లవాడికి వేద్దామని అమ్మ అంటే వద్దన్నాడు. వాడు అమ్మితే ఇంకెవరో బాగుచేసుకుంటారన్నాడు. పెరట్లో బండ మీద పెట్టి, అతకడానికి ఏమీ మిగలనంతగా సుత్తితో కొట్టాడు. కొడుతున్నంతసేపూ ఆయన కళ్ళు పొడిగానే ఉన్నాయి.

తర్వాత ఆయన ఇంట్లో మళ్ళీ స్పానరు పట్టుకోలేదు. అరుగు మీదికి ఎవరేం తెచ్చినా "కొత్తది కొనుక్కోండి" అని లోపలికి వెళ్ళిపోయేవాడు. కొన్నాళ్ళకు రావడమే మానేశారు. ఇంట్లో స్టూలు ఊగినా, బొగ్గుల కుంపటి పగిలినా సాయంత్రానికి కనిపించేది కాదు. అమ్మ పాడైన వస్తువులను ఆయన కంటపడకుండా అటక మీద దాచేది. తన చేతిపని మీద తనకే నమ్మకం పోయిన మనిషికి ఎదురుచెప్పడం ఎలాగో ఆమెకు తెలియలేదు, మాకూ తెలియలేదు. ఒక్కసారైనా, నాయనా, అది నీ తప్పు కాదు అని మాలో ఎవరమైనా అని ఉంటే ఎలా ఉండేదో! తమ్ముడు బాగుచేశాడన్న ధైర్యంతోనే కదా అత్త తడిచేత్తో దాన్ని పట్టుకుంది అన్న ఆలోచన మమ్మల్ని ఆ మాట అననిచ్చేది కాదు.

నాయన పోయిన ఏడాదికి అమ్మ అటక మీది నుంచి ఊచ విరిగిన ఒక గొడుగు దించుకుని బజారుకు వెళ్ళింది. గొడుగులు బాగుచేసే ముసలాయన కూర్చునేచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల అంగడి ఉంది. అందులోని కుర్రాడు గొడుగును చూసి, "ఇంకా ఇదెందుకవ్వా, కొత్తది కొనుక్కో" అన్నాడట. ఇంటికొచ్చి ఆ మాట చెబుతూ అమ్మ, అచ్చం మీ నాయన అన్నట్టే ఉండాది అంది.

ఆ పిల్లవాడు ఏ బరువూ లేకుండా, నవ్వుతూ అన్న మాట అది. నాయనకు అదే మాట అనడానికి ఒక అక్క ప్రాణం ఖర్చయింది. ఇప్పుడు ఊరంతా ఆ మాటే అంటోంది, ఎవరికీ ఏ నొప్పీ లేకుండా.