పర్దా కింద రెండు టైర్లు

మా ముందరి గది పర్దా గడపకు మూరెడు పైనే ఆగిపోతుంది. నేను ఇంట్లో జాకెట్లు కుట్టే మనిషిని. వాడకట్టులో ఆడవాళ్లందరి కొలతలూ సరిగ్గా తీస్తాను, మా ఇంటి పర్దా కొలత మాత్రం తప్పాను. రేపు మాపు అంటూ దాన్ని సరిచేయనే లేదు. మా ఆయన నడుముకు ఆపరేషన్ అయ్యి ఆ గదిలో మంచం పట్టాక, పర్దా కింది సందులోంచి ఆయనకు వాకిట్లో ఆపిన మా కారు కనిపించేది. కారంటే కారంతా కాదు, మా వైపు ఉన్న రెండు టైర్లు.

ఆ కారును ఆయనే నడిపేవాడు. పసుపు కొనే సేటు ఒకాయన సీజన్ మొత్తానికి మా బండినే మాట్లాడుకుంటాడు. వేల్పూర్ దిక్కు, జక్రాన్‌పల్లి దిక్కు ఊళ్లన్నీ తిరిగి, కళ్లాల్లో ఉడకబెట్టి ఎండబోసిన పసుపు చూసుకొని, సాయంత్రానికి ఆర్మూర్ చేరతాడు. ఆ ఏడు సీజన్ మొదట్లోనే డిచ్‌పల్లి దగ్గర టైరు పంక్చరైంది. స్టెప్నీ ఎత్తబోయిన మనిషి అక్కడే కూలబడిపోయాడు. నడుములో చటుక్కున చప్పుడైందట. నిజామాబాద్ దవాఖానలో ఆపరేషన్ చేశారు, కుట్లు మానాయి. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఒక్కటే మాట గట్టిగా చెప్పాడు. పొద్దున, సాయంత్రం బయట నడవాలి, నడవకపోతే ఎడమ కాలు బలం పోతుంది, పోయిన బలం మళ్లీ రాదు అని.

ఈయన బుద్ధిగా తల ఊపాడు. ఇంటికొచ్చాక బాత్‌రూం దాకా గోడ పట్టుకొని పోవడం, వచ్చి మళ్లీ పడుకోవడం, అంతే. గడప దాటడు.

"ఇయ్యాల గల్లీ మూల దాక పోయొద్దాం లే" అంటే, "రేపటి సంది నడుస్త" అనేవాడు. రేపు వచ్చేది, మళ్లీ రేపు అనేవాడు. ఒకరోజు నేను గట్టిగా అడిగితే అసలు సంగతి బయటపెట్టాడు.

"మల్ల చటుక్కున అంటే ఏం చేస్తవే?"

 నాకు కోపం బాగానే వచ్చింది. భయం అంతకంటే ఎక్కువ వేసింది, ఎందుకంటే ఆయన ఎడమ పిక్క రోజురోజుకూ సన్నబడుతుంటే నూనె రాసే నా చేతికే ముందు తెలిసేది. బతిమాలాను, తిట్టాను, అన్నం పెట్టనని బెదిరించాను. అన్నం పెట్టకుండా ఉండలేనని ఆయనకు తెలుసు.

ఆయన మంచం పట్టాక కారును మా తమ్ముడు నడిపేవాడు. పొద్దంతా కళ్లాల్లో తిప్పి, చీకటి పడేముందు తెచ్చి వాకిట్లో ఆపి, తన బండి మీద ఇంటికి పోయేవాడు. కళ్లాల్లో పసుపు కొమ్ములను డ్రమ్ముల్లో వేసి తిప్పి పొట్టు రాలగొడతారు. ఆ పొట్టు, దుమ్ము గాలికి లేచి దేన్నీ వదలదు. టైర్లు పసుపు రంగుకూ మట్టి రంగుకూ మధ్యలో ఏదో అయి ఇంటికొచ్చేవి. ఈయన పర్దా కింది నుంచి వాటిని చూసి గోడ వైపు తిరిగేవాడు.

"గా టైర్లను చూసినవా? ఎట్ల జేసిండు నా బండిని!"

ఒక సాయంత్రం అన్నాడు, ఆ రోజు ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదే. తమ్ముణ్ని అడిగితే, "అక్కా, నడుపుమంటే నడుపుత. కడుగుడు నాతోని గాదు" అని తప్పించుకున్నాడు. సరే, నాకు చేతులు లేవా అనుకున్నాను.

మొదటిసారి నాకు తోచినట్టు చేశాను. బకెట్ నీళ్లు గుమ్మరించి, బట్టల బ్రష్‌తో నాలుగు రుద్దులు రుద్ది, ఆరాక కొబ్బరి నూనె పట్టించాను. టైర్లు నిగనిగలాడాయి. తలకు రాసుకుంటే వెంట్రుకలు మెరుస్తాయి, టైరుకు మాత్రం ఏం రోగం అనుకొని మురిసిపోయాను. తెల్లారి కారు కళ్లాలకు పోయింది. సాయంత్రం తిరిగొస్తే టైర్ల మీద నలుపన్నది లేదు. నూనె జిడ్డుకు దుమ్మంతా అంటుకొని, నలుగు పెట్టిన పెళ్లికూతురి కాళ్లలా పచ్చగా వచ్చాయి.

ఈయన పర్దా కింది నుంచి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఎవల పెండ్లే?" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, ఆయనకూ వచ్చింది. నవ్వితే నడుము నొప్పి అని మధ్యలోనే ఆపాడు. దవాఖాన నుంచి వచ్చాక ఆయన నవ్వడం నేను చూడలేదు. అందుకే మరునాడు పొద్దున మళ్లీ బ్రష్ పట్టుకున్నాను. ఈసారి ఆయన మంచం మీద నుంచే పని నేర్పాడు.

ముందు నీళ్లు పోయొద్దన్నాడు. పొడి బ్రష్‌తో దుమ్ము దులపాలి. లేకపోతే పసుపు నీళ్లలో కలిసి ముద్దయి, అక్షరాల సందుల్లో, గీతల్లో కూర్చుంటుంది. దులిపాక సర్ఫు నీళ్లు. సర్ఫు తగలగానే మిగిలిన పసుపు ఎర్రబారి, నురుగు పారాణి రంగులో కారుతుంది. చీరల మీద పసుపు మరకలు ఉతికిన చేతులకు ఇది కొత్త కాదు గానీ, టైరు నుంచి కారుతుంటే చూడ్డానికి వింతగా ఉంటుంది. నురుగు తెల్లగా వచ్చేదాకా రుద్దాలి. అప్పుడు టైరు నల్లగా కాదు, బూడిద రంగులో, బోసిగా కనిపిస్తుంది. అది చూసి నేను పాడుచేశాననుకున్నాను.

"గట్లనే ఉండాలె" అన్నాడు ఆయన. "గిప్పుడు పూర్తిగ ఆరనియ్యి. తడి మీద రాస్తే నిలవది."

టైరు పాలిష్ సీసా ఆయనే డిక్కీలో దాచుకున్నాడు. పాలలా తెల్లగా, పల్చగా ఉంటుంది. స్పాంజి ముక్క మీద కొద్దిగా పోసుకొని టైరు పక్క భాగానికి మాత్రమే సన్నగా పట్టించాలి. రోడ్డుకు తగిలే చోట రాస్తే బ్రేకు వేసినప్పుడు జారుతుంది. కాసేపు ఆగి, ఎండిన గుడ్డతో మిగిలిందంతా తుడిచేయాలి. ఇక్కడ నాకు మనసు ఒప్పలేదు. ఇంత కష్టపడి రాసి తుడవడమేంది? తుడవనిది రెండు రోజులు మెరుస్తుంది, తుడిచింది వారం నిలుస్తుంది అన్నాడు. తుడవడానికి నా జాకెట్ల లైనింగు ముక్కలు పనికొచ్చాయి. నూలువే. పట్టు ముక్కలు జారతాయి తప్ప ఏమీ పీల్చవు.

ఆ సాయంత్రం బండి కళ్లాల నుంచి వస్తే టైర్ల మీద దుమ్ము పడింది గానీ అంటుకోలేదు. గుడ్డతో ఒక్కసారి దులిపితే కింద నలుపు అట్లాగే ఉంది. మరీ నిగనిగలాడదు, కొత్త టైరులా నిండుగా ఉంటుంది.

పాలిష్ వారం నిలిచేదే అయినా, ఆయన చెప్తుంటే వినాలని అప్పటి నుంచి రోజూ అదే వరస పెట్టుకున్నాను. ఆయన పడుకొని చెప్పేవాడు, నేను వంగి చేసేదాన్ని. మీ సంసారం మొదటి నుంచీ గిట్లనే గదా అని తమ్ముడు ఎగతాళి చేశాడు. ఆయనకు మాటలొచ్చాయి, ఆకలి పెరిగింది. నడక మాత్రం రాలేదు. పిక్క ఇంకా సన్నబడింది. టైర్ల గురించి ఎంతసేపైనా మాట్లాడతాడు, బయటికి రమ్మంటే రేపు అంటాడు. అప్పుడప్పుడు నేను చేస్తున్నది మేలో కీడో అర్థమయ్యేది కాదు. మంచం మీదికే అన్నీ అందిస్తుంటే ఎవరు మాత్రం ఎందుకు లేస్తారు?

ఒక ఆదివారం కడుగుతుంటే నల్లా నీళ్లు మధ్యలో ఆగిపోయాయి. అప్పటికి మా వైపు టైర్లు రెండే అయ్యాయి. లోపల ఒక జాకెట్టుకు ఇంకా చేతులు ఎక్కించాలి, సాయంత్రమే అది కుట్టించుకునే ఆమె పెళ్లికి పోతుంది. అవతలి వైపువి ఎవరు చూడొచ్చారులే అని బకెట్ లోపల పెట్టేశాను.

"అన్ని అయినయా?" అన్నాడు ఆయన.

"అయినయ్."

"బ్రష్ చప్పుడు రెండింటికే ఇనవడ్డది."

"నీకు చెవులు గూడ ఖరాబైనయ్. నాలుగూ చేసిన."

"అబద్ధం."

"నమ్మకపోతే లేచొచ్చి చూస్కో" అని లోపలి గది గుమ్మం దగ్గరి కుట్టు మిషన్ ముందు కూర్చున్నాను. ఇందులో ఉపాయం ఏమీ లేదు. తర్వాత అందరూ మస్తు తెలివి చేసినవని మెచ్చుకున్నారు గానీ, నాకు అప్పుడు ఉన్నది ఒట్టి చిరాకు.

మంచం కిర్రుమంది. బాత్‌రూంకేమో అనుకున్నాను. తర్వాత పర్దా రింగులు గలగలమన్నాయి. నా కాలు మిషన్ మీద ఆగిపోయింది. ఆయన గడప మీద, రెండు చేతులతో తలుపు చెక్క పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఉరుక్కుంటూ పోయి పట్టుకుందామని లేవబోయాను. పట్టుకుంటే మాత్రం, వద్దులే, రేపు చూద్దాం అని వెనక్కి తిరుగుతాడు. అది నాకు ఖాయంగా తెలుసు. అందుకని మళ్లీ కూర్చొని మిషన్ తొక్కాను. నేను చూడడం లేదని ఆయన అనుకోవాలి. కళ్లు వాకిట్లోనే ఉన్నాయి, కుట్టు ఎటు పోతుందో నాకే తెలియదు. ఆ జాకెట్టు చెయ్యి మొత్తం తర్వాత విప్పి కుట్టాల్సి వచ్చింది.

ఆయన మెట్టు దిగాడు. బానెట్ మీద చేయి ఆనించి, ఎడమ కాలు ఈడుస్తూ, కారు చుట్టూ తిరిగి అవతలి వైపు చేరాడు.  అక్కడి నుంచి గల్లీ అంతా వినపడేలా అరిచాడు.

"గీడ చూడు! గీ టైరు ముట్టనే లేదు! పసుపు పసుపే ఉన్నది! మొగని తోని గిట్లనే అబద్ధమాడుతరా?"

పెళ్లయినప్పటి నుంచీ చాలా తిట్లు తిన్నాను. తిట్టు విని సంతోషంతో ఏడ్చింది ఆ ఒక్కసారే. కొంగుతో ముఖం తుడుచుకొని, "నల్లా బంద్ అయింది, ఏం జేయాలె?" అని లోపలి నుంచే అరిచాను.

"రేపు చెయ్. నేను పక్కకు నిలవడి చూస్త" అన్నాడు.

మళ్లీ రేపే. నేను నమ్మలేదు.

తెల్లారి పొయ్యి మీద చాయ్ పెట్టి బకెట్ నింపుతున్నాను. ముందరి గది నుంచి ఆయన గొంతు వినిపించింది.

"నా చెప్పులు ఏడ పెట్టినవే?"

దవాఖాన నుంచి వచ్చిన రోజే వాటిని తీసి మంచం కింద మూలకు నెట్టేశాను. వంగి బయటికి తీస్తే నిండా దుమ్ము. చేతిలో ఉన్న టైర్లు తుడిచే గుడ్డతోనే వాటిని తుడిచి, గడప అవతల పెట్టాను.